ఏడో నంబరు బూట్లు

జులై 8, సోమవారం

ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. నా కూతురు జెస్లిన్ బడిలో మరాఠీ చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని అక్షరం ముక్క రాదు. కాబట్టి ఎవర్ని తిట్టాలనిపించినా ఇక్కడ నిర్భయంగా తిట్టుకోవచ్చు. ఈ రోజు డాక్టరు వంతు.

గని డిస్పెన్సరీలో పొద్దుట్నుంచీ బెంచీ మీద కూర్చున్నాను. సువార్త అని నా పేరు పిలిచేసరికి ఆయన ఫోనులో ఉన్నాడు. ఫోను చెవికి పెట్టుకునే ఎక్స్‌రే ఎత్తి దీపం వైపు చూసి, "రెండు మోకాళ్లూ అరిగాయి. వయసైంది. బరువు తగ్గు" అన్నాడు హిందీలో. నాకు యాభై రెండు. ఆయనకు అరవై దగ్గర పడి ఉంటాయి, పొట్ట టేబులుకు ఆనుతోంది.

"నడిచి చూపించమంటారా సాబ్?" అని అడిగాను.

"అక్కర్లేదు. ఎక్స్‌రేలో అంతా కనిపిస్తుంది."

అంతా కనిపిస్తుందట. నా బూట్లు కనిపించాయా?

మా ఆయన వరప్రసాదు డ్యూటీలోనే గుండె ఆగి పోయాక ఆ ఉద్యోగానికి బదులు నాకు టైమ్ ఆఫీసులో ప్యూను పని ఇచ్చారు. గని గేటు దాటాలంటే సేఫ్టీ బూట్లు ఉండాల్సిందే. కాగితాలు మోసేవాళ్లకైనా, ఊడ్చేవాళ్లకైనా అదే రూలు. స్టోర్సులో ఏడో నంబరు కంటే చిన్న బూట్లు లేవు, ఎప్పుడూ లేవు. అన్నీ మగవాళ్లవే. నా కాలు నాలుగో నంబరు. బూటు ముందు భాగంలో పాత చీర గుడ్డ కుక్కుకుని, ఇనప రేకు బిగించిన ఆ పడవల్ని ఈడ్చుకుంటూ ఇన్నేళ్లు నడిచాను. ఇప్పుడు మోకాళ్లు అరిగితే తప్పు నా వయసుది.

జులై 9

మేనేజరు ఆఫీసును పై అంతస్తులో కట్టినవాణ్ణి ప్రభువు క్షమించుగాక. నేను మాత్రం క్షమించను.

జులై 13, శనివారం

జెస్లిన్ పనిచేసే ల్యాబు పక్కనే, ఊళ్లో జట్‌పురా గేటు దగ్గర, ఒక ఫిజియోథెరపీ గది ఉంది. డ్యూటీ దిగి బూట్లతోనే అక్కడికి పోయాను. ఫిజియో పిల్ల పేరు సౌజన్య. బల్లార్‌పూర్ పిల్ల, మన తెలుగే.

నేను కుర్చీ లాక్కోబోతుంటే, "ఆంటీ, కూసోకుండ్రి. ముందుగాల నడువుండ్రి" అంది. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించింది. బూట్లతో ఒకసారి, ఉత్త కాళ్లతో ఒకసారి. నేల మీద కూర్చుని నా పాదాలు చూసింది. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అలా నడిపించి చూడలేదు.

"మీ కాళ్లు విల్లు లెక్క బయటికి వంగినయ్ ఆంటీ. అడుగు ఏసినప్పుడల్లా బరువంతా మోకాలి లోపలి దిక్కే పడుతుంది. గాడనే అరిగింది."

ఒక జత సోళ్లు తీసింది, బూటు లోపల పరుచుకునేవి. బయటి అంచు కాస్త మందంగా ఉండి లోపలికి వచ్చేసరికి పల్చబడుతుంది. దోసె అంచు మడిచినట్టు.

"గింత మందంతోటి ఏమైతది?" అన్నాను.

"పాదం కొంచెం లోపలికి ఒరుగుతది. బరువు మోకాలి నడిమికి జరుగుతది. గంతే. అరిగింది మళ్ల రాదు. కొందరికి మంచిగనిపిస్తది, కొందరికి ఏం ఫరక్ ఉండది. కొందరికైతే అసలు పడయ్. తొడలకు కసరత్తులు చెప్త, అసలు మందు గది. మానొద్దు."

నా బూటు చేతిలోకి తీసుకుని లోపల వేళ్లు పెట్టి చీర గుడ్డ బయటికి లాగింది. మడతలు మడతలుగా వస్తూనే ఉంది. నాకు తల తీసేసినట్టయింది. తర్వాత ఇంటికొచ్చే ఆటోలో కోపం వచ్చింది. సిగ్గు నాకెందుకు? ఆ బూట్లు ఇచ్చినవాళ్లకు ఉండాలి.

"ఈ బూటుల సోలు నిలువది ఆంటీ, జారుతది. మీ సైజువి తీసుకోండ్రి" అంది సౌజన్య.

తీసుకోండ్రి! బజారులో కొనుక్కుని వేసుకుంటే గేటు దగ్గర ఆపుతారు, కంపెనీ ముద్ర లేదని. ఆ పిల్లకేం తెలుసు.

జులై 15, సోమవారం

విజయ్‌కుమార్‌ను అడిగాను. వెల్ఫేర్ ఆఫీసరు కదా, కార్మికుల మంచిచెడ్డలు చూడటమే ఆయన ఉద్యోగం. వాళ్లదీ మంచిర్యాల వైపు నుంచి గనికొచ్చిన కుటుంబమే. నన్ను అక్కా అంటాడు. ఆ అక్కా అనే మాట విని మోసపోవడం నాకు అలవాటు.

"నాలుగో నంబరా?" అని నవ్వాడు. "టెండర్ల ఆడోళ్ల సైజే ఉండదక్కా. ఎంతమందున్నరని మీరు?"

"ఎంతమందిమున్నా కాళ్లయితే ఉన్నయ్ గద సార్."

"మోకాళ్లు గంత గోస పెడుతున్నయా? చెప్పు మరి, మెడికల్ బోర్డుకు రాస్త. ఆళ్లు అన్‌ఫిట్ అన్నరంటే ఇంట్ల హాయిగ కూసోవచ్చు."

ఈ మాట కూడా నవ్వుతూనే అన్నాడు. అన్‌ఫిట్ అంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఈ క్వార్టరూ పోతుంది. అది ఆయనకు తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

"నా మోకాళ్లకేం కాలే సార్, బూట్ల గురించే అడిగిన" అని చెప్పి, ఆయన చూస్తుండగా తలుపు దాకా తిన్నగా నడిచాను. ఊగకుండా, గోడ పట్టుకోకుండా. తలుపు అవతలికి వెళ్లాక గోడకు ఆనుకుని నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నొప్పికి.

జులై 16

సోళ్లను గోనె సూదితో బూటు లోపలి అట్టకు కుట్టేశాను. ఇప్పుడు జారమను చూద్దాం.

జులై 22, సోమవారం

ప్రభువుకు స్తోత్రం. నడుస్తున్నాను!

గేటు నుంచి టైమ్ ఆఫీసు దాకా కంకర తేలిన గిట్టి రోడ్డు. అక్కడ రోజూ బాతులా అటూ ఇటూ ఊగేదాన్ని. లారీ డ్రైవర్లు అద్దంలోంచి చూసి నవ్వేవాళ్లు. ఈ రోజు ఎవడూ నవ్వలేదు. సాయంత్రం జెస్లిన్ గుమ్మంలో నిలబడి నేను రావడం చూసి, "ఖరంచ్ మమ్మీ, నిజంగనే నువ్వు ఊగుతలేవు!" అంది. అడుగు వేసినప్పుడు లోపలి వైపు కత్తితో గీసినట్టుండేది. అది తగ్గింది. తగ్గడమేమిటి, పోయింది.

క్యాంటీనులో ఆడవాళ్లందరికీ చెప్పాను. నర్సక్క నా బూటు విప్పించి మరీ చూసింది. నర్సక్క వర్క్‌షాపులో ఊడ్చే పని చేస్తుంది. ఆమెదీ భర్త పోశం పోయాక వచ్చిన ఉద్యోగమే. మనిషి నాకంటే లావు. మోకాళ్లు నావాటికి పూర్తిగా వ్యతిరేకం. నడుస్తుంటే ఒకదానికొకటి రాసుకుంటాయి, పాదాలు మాత్రం ఎడంగా పడతాయి.

"నాక్కూడ గిసువంటియి ఇప్పియ్యరాదె చెల్లె" అంది.

జులై 29

నొప్పి లేదు.

ఆగస్టు 5

నొప్పి లేదు. మెట్లు దిగేటప్పుడు తప్ప. వానలకు అయి ఉంటుంది.

ఆగస్టు 12

నొప్పి లేదు. జెస్లిన్ మాత్రల అట్ట ఖాళీ అయిందని పట్టుకొచ్చి, ఎప్పుడు మింగావు ఇన్ని అని గొడవ పెట్టింది. తలనొప్పికి వేసుకున్నానని చెప్పాను. కసరత్తులు చేస్తున్నావా అని అడిగింది. చేస్తున్నానన్నాను. రేపటి నుంచి ఎలాగూ చేస్తాను.

ఆగస్టు 21, బుధవారం

మా మాటలు విజయ్‌కుమార్ చెవిన పడ్డాయి. అడిగిన బూట్లు ఇవ్వలేని మనిషి అడగని శిబిరం పెట్టించాడు. మహిళా కార్మికుల మోకాళ్ల శిబిరం అని మరాఠీలో పెద్ద బ్యానరు. నాగపూర్ నుంచి సోళ్లు అమ్మేవాడొకడు డబ్బాలతో దిగాడు. అన్నీ ఒకే రకం. నా సోళ్ల లాంటివే, బయటి అంచు మందం. పెద్ద సైజు, చిన్న సైజు, అంతే తేడా.

ఆడవాళ్లను వరుసలో నిలబెట్టారు. డిస్పెన్సరీ డాక్టరు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో జత పెడుతుంటే ఫోటోలు తీశారు. నన్ను ముందు నిలబెట్టారు, సోళ్లు వాడి బాగుపడినదాన్ని కాబట్టి. నవ్వమన్నారు. నవ్వాను.

నర్సక్క సంబరం అంతా ఇంతా కాదు. బూట్ల కోసం అడిగితే సోళ్లు ఇచ్చి ఊరుకోబెట్టారని నాకు ఒళ్లు మండింది గాని, ఆమె ముఖం చూసి ఏమీ అనలేదు. కొందరికి పడవని సౌజన్య ఏదో అంది. డాక్టరే పక్కన నిలబడి పంచుతున్నాడు కదా. ఆయనకు తెలియకపోతుందా.

ఆగస్టు 28

నర్సక్కకు నొప్పి ఎక్కువైందట. డిస్పెన్సరీకి పోతే, కొత్తలో అలాగే ఉంటుంది, అలవాటు చేసుకో అన్నాడట డాక్టరు. అలవాటు చేసుకోవడంలో మమ్మల్ని మించినవాళ్లు ఎవరున్నారు?

సెప్టెంబర్ 2, సోమవారం

నర్సక్క పడిపోయింది.

ఈ రోజు పోలా, ఎద్దుల పండగ. డ్యూటీ దిగి బామ్నిలో చెల్లెలి ఇంటికి పోయి ఎద్దుల ఊరేగింపు చూడాలని పొద్దుట్నుంచీ చెబుతూనే ఉంది. ఎర్ర చీర కట్టుకొచ్చింది. వర్క్‌షాపు మెట్లు దిగుతుంటే మోకాలు పక్కకు మడతపడిందట. అలా ఎన్నడూ కాలేదు అంటుంది. చెయ్యి నేలకు ఆనించి పడింది, మణికట్టు విరిగింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి చీర నిండా బొగ్గు మసి. "చీర ఖరాబైంది సువార్తా, చీర ఖరాబైంది" అని అదే మాట పదే పదే అంటోంది.

విజయ్‌కుమార్ వచ్చాడు. వంగి ఆమె చెయ్యి చూడలేదు, బూట్లు చూశాడు. "లేసు సక్కగ కట్టుకోలే" అన్నాడు. అదే రిపోర్టులో రాయించాడు. కార్మికురాలి అజాగ్రత్త అట.

లేసు కట్టే ఉంది. నా కళ్లతో చూశాను. నేను పట్టుకుని లేపేటప్పుడు ఆ బూటు కాలి నుంచి ఊడి నా చేతికొచ్చింది, కట్టిన లేసుతోనే. ఆమె కాలి కంటే అంత పెద్దది. లేసు ఎంత బిగిస్తే మాత్రం ఏం లాభం?

ఎవరి అజాగ్రత్త? ఎవరిది?

సెప్టెంబర్ 4, బుధవారం

చేతికి కట్టుతో ఉన్న నర్సక్కను ఆటోలో సౌజన్య దగ్గరికి తీసుకుపోయాను. మోకాలు గుమ్మడికాయలా వాచింది. సౌజన్య ఆమెను పట్టుకుని మెల్లగా నడిపించింది. తర్వాత బూటులోంచి సోలు తీసి చూసి, "గిది ఎవరిచ్చిండ్రు?" అంది.

"కంపెనోళ్లు" అన్నాను.

"ఈ అమ్మకు అరిగింది మోకాలి బయటి దిక్కు. మీకు లోపలి దిక్కు. గీ సోలు ఏసుకుంటే ఈమెకు బరువు ఇంకింత బయటికే పడతది. పుండు మీద ఒత్తినట్టు. ఇచ్చేటప్పుడు ఎవరన్న నడిపించి చూసిండ్రా?"

"లేదు బిడ్డా" అంది నర్సక్క. "ఫోటో దించిండ్రు."

సౌజన్య నా వైపు తిరిగింది. "మీకు చెప్పిన గద ఆంటీ, అందరికీ పడయ్ అని."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. రోడ్డు మీద వినాయకుడి పందిరికి గుంజలు పాతుతున్నారు.

తర్వాత నన్నూ నడవమంది. నొప్పి లేదన్నాను. నడవండ్రి అంది. నడిచాను. కసరత్తులు చేస్తున్నారా అని అడిగింది. జవాబు చెప్పకుండా బూటు లేసు కట్టుకున్నాను. "సోలు కొంచెమే సాయం చేస్తది ఆంటీ. అంతా అదే చూసుకుంటదనుకుంటె ఎట్ల?" అంది మెల్లగా. కోప్పడి ఉంటే బాగుండేది.

నొప్పి ఉంది. మునుపటి కంటే తక్కువే, కానీ ఉంది. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఇంకెవరికి నిజం చెబుతాను?

నర్సక్కకు ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

సెప్టెంబర్ 5

కుర్చీలో కూర్చుని కాలు చాపి పట్టుకోవడం, దించడం. తొడలు వణుకుతున్నాయి. జెస్లిన్ పక్కన కూర్చుని తనూ చేసింది. "నీకెందుకే?" అంటే "నాకూ నీ మోకాళ్లే కద వచ్చేది" అంది.

సెప్టెంబర్ 18, బుధవారం

శుక్రవారం సురక్షా సభ. నాగపూర్ నుంచి పెద్ద సాహెబు వస్తున్నాడు. విజయ్‌కుమార్ నన్ను పిలిపించి, వేదికెక్కి సోళ్ల గురించి రెండు మంచి మాటలు చెప్పమన్నాడు.

"నర్సక్క గురించి కూడ చెప్పాల్నా సార్?" అన్నాను.

"గదంత ఎందుకక్కా? మంచి దినం మంచి మాట మాట్లాడాలె. నువ్వు నడుస్తున్నవా లేదా? గంతే చెప్పు."

సరేనన్నాను. బయటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. సరే అనడం నాకు అంత తేలిగ్గా ఎలా వచ్చేస్తుంది?

సెప్టెంబర్ 20, శుక్రవారం

అక్షరాలు వంకర పోతున్నాయి.

వేదిక మీదకు పిలిచారు. సాహెబుకు నమస్కారం పెట్టాను. హిందీలోనే మొదలుపెట్టాను. నా హిందీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కంపెనీ మాకు సోళ్లు ఇచ్చింది, ధన్యవాదాలు అన్నాను. విజయ్‌కుమార్ చప్పట్లు కొట్టాడు, అందరూ కొట్టారు. మైకు తీసుకోవడానికి ఆయన చెయ్యి చాచాడు.

ముందు వరుసలో నర్సక్క కూర్చుని ఉంది, చెయ్యి మెడకు కట్టుకుని. ఆమెకు రానక్కర్లేదు, సెలవులో ఉంది. నేను మాట్లాడతానని తెలిసి వచ్చింది. ఆమె కూడా చప్పట్లు కొట్టబోయి, ఒక చెయ్యే ఉందని గుర్తొచ్చి తొడ మీద కొట్టుకుంది.

అది చూశాక నేను మైకు ఇవ్వలేదు. ముందు అనుకున్నదేమీ లేదు. నేల మీద కూర్చోబోయాను, మోకాళ్లు ఒప్పుకోలేదు. సాహెబు పక్కన ఖాళీ కుర్చీ ఉంటే అందులో కూర్చున్నాను. ఎవరో ముఖ్య అతిథి కుర్చీ. బూటు విప్పాను. లోపల చెయ్యి పెట్టి చీర గుడ్డ లాగాను. మడతలన్నీ విప్పి బల్ల మీద పూలగుత్తి పక్కన పరిచాను.

"సాబ్, ఇది నా బూటులో ఉంటుంది. మేం అందరం ఇట్లాంటి గుడ్డలు పెట్టుకునే నడుస్తాం. ఆడవాళ్ల సైజు టెండరులో లేదంటారు. బూటే సరిపోనప్పుడు అందులో సోలు పెట్టి ఏం లాభం? మమ్మల్ని నడిపించి చూడకుండానే అందరికీ ఒకే సోలు ఇచ్చారు. అది నాకు పడింది. ఆ కూర్చున్నామెకు పడలేదు, పడిపోయింది. లేసు కట్టుకోలేదని రాశారు. లేసు కట్టే ఉంది. నేను చూశాను."

హాలులో ఆడవాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు వంగుతున్నారు. ఏం చేస్తున్నారో అనుకున్నాను. బూట్లు విప్పుతున్నారు. ఒకామె బూటులోంచి పేపరు ముద్ద, ఇంకొకామె బూటులోంచి పిల్లాడి పాత స్వెట్టరు ముక్క. పైకెత్తి పట్టుకున్నారు.

సాహెబు "నోట్ చేసుకోండి" అన్నాడు పక్కవాడితో. అంతే. తర్వాత జాతీయ గీతం. ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తది, అలాగే నిలబడ్డాను.

కిందికి దిగుతుంటే విజయ్‌కుమార్ పళ్ల మధ్య నుంచి అన్నాడు: "మస్తు పరువు తీసినవ్ అక్కా. నీ మోకాళ్ల సంగతి ఇగ నేను చూస్త."

సెప్టెంబర్ 21

భయం. కోపం కంటే కొంచెం ఎక్కువ.

సెప్టెంబర్ 27, శుక్రవారం

వచ్చింది. మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలని ఇంగ్లీషు కాగితం. నా ఆరోగ్యం మీద శ్రద్ధతోనే పిలుస్తున్నారట.

జెస్లిన్ చదివి వినిపించి, కాగితం టేబులు మీద విసిరికొట్టింది. "ఎందుకు లేచినవ్ మమ్మీ స్టేజ్ మీద? యూనియన్ లేదా, వేరే ఎవరూ లేరా? నీకే ఎందుకు?" అని అరిచింది. తర్వాత వంటింట్లోకి పోయి అన్నం వండుతూ ఏడ్చింది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"తప్పు చేసిన్నా?" అని అడిగాను.

"నై. గదే కద బాధ" అంది.

అక్టోబర్ 7

రేపే. బోర్డు ముందు ఎలా నడవాలో వరండాలో సాధన చేశాను. ఊగకుండా, తిన్నగా. మాత్ర ముందే వేసుకుంటే అవుతుంది. విజయ్‌కుమార్ ముందు నడిచినట్టు నడిస్తే చాలు.

అక్టోబర్ 8, మంగళవారం

జెస్లిన్ సెలవు పెట్టి వచ్చింది. నర్సక్క కూడా వచ్చింది. సోళ్లు తీసేశాక ఆమె మోకాలి వాపు తగ్గింది గాని మెట్టు ఎక్కడానికి ఇప్పటికీ భయపడుతుంది. ముగ్గురం ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. మాత్ర నా గుప్పిట్లో ఉంది. నీళ్ల సీసా మూత తీశాను.

"గోలి ఏసుకుంటివా?" అంది నర్సక్క.

"నడక సక్కగుండాలె గద అక్కా."

"సక్కగ నడుస్తె ఆళ్లకేం కనబడతది?" అంది ఆమె. నిష్ఠూరంగా కాదు, మామూలుగా. "మొన్న మనం నొప్పి లేదన్నం. ఆళ్లు ఫోటో దించుకున్నరు."

మాత్ర సంచిలో పడేశాను.

లోపల ముగ్గురు డాక్టర్లు. ఎక్స్‌రే దీపం మీద పెట్టారు. ఇంగ్లీషులో ఏదో అనుకున్నారు. కాగితం మీద రాయడానికి ఒకాయన పెన్ను మూత తీసి, ఇక వెళ్లొచ్చు అన్నట్టు చెయ్యి ఊపాడు. నా ఉద్యోగం, నా ఇల్లు, ఆ చెయ్యి ఊపులో పోయేటట్టుంది.

"సాబ్, నన్ను నడిపించి చూడలేదు" అన్నాను.

"అవసరం లేదమ్మా."

"నాకు అవసరం. మీరు రాసేది నా నడక గురించి. చూడకుండా ఎట్లా రాస్తారు?"

గొంతు పెరిగింది. నా గొంతు అంత పెరగగలదని నాకే తెలియదు. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని, "సరే, నడువు" అన్నాడు.

నడిచాను. వరండాలో సాధన చేసిన నడక కాదు, నా నడక. ఊగుతూ, మలుపు దగ్గర గోడ పట్టుకుని. ఎన్నాళ్ల తర్వాతో ఎవరి ముందూ దాచకుండా నడిచాను. నొప్పి ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆగి, ఇక్కడ అని చెప్పాను. పెద్దాయన నా ముఖం కాదు, కింద చూస్తున్నాడు.

"ఆ బూట్లు ఎవరివి?" అన్నాడు.

"నావే సాబ్. కంపెనీ ఇచ్చింది."

విప్పమన్నాడు. చీర గుడ్డ తీశాడు. కుట్టిన సోలు వేలితో తడిమాడు. తన ముందున్న కాగితం పక్కకు జరిపి, "వీటితో మెట్లు ఎక్కుతున్నావా?" అన్నాడు. రోజూ అన్నాను. బూట్లు లేకుండా ఇంకోసారి నడవమన్నాడు. మోకాలు పట్టుకుని వంచి చూశాడు, కుర్చీలో కూర్చుని లేవమన్నాడు. చేతులు ఆనించకుండా లేచాను. నెల రోజులుగా జెస్లిన్ చేయించిన కసరత్తు అది. తొడలు వణికాయి గాని లేచాను.

ముగ్గురూ ఏదో రాసుకున్నారు. పొమ్మన్నారు.

అక్టోబర్ 22

కాగితం వచ్చింది. పనికి యోగ్యురాలు. మెట్లు తక్కువ ఉండే పని ఇవ్వాలి. కాలికి సరిపడే భద్రతా పాదరక్షలు సమకూర్చాలి. ఆ చివరి వాక్యం జెస్లిన్ చేత మళ్లీ చదివించుకున్నాను.

విజయ్‌కుమార్ నన్ను కింది అంతస్తులో హాజరీ కిటికీ దగ్గరకు మార్చాడు. "మంచిగైంది కదక్కా" అన్నాడు, తనే చేయించినట్టు. నర్సక్క రిపోర్టు సంగతి అడిగాను. అది అయిపోయిన విషయం అన్నాడు. అవ్వలేదన్నాను. లేసు కట్టే ఉందని నేనూ, ఆ రోజు అక్కడున్న ఇంకో ఇద్దరూ సంతకాలు పెట్టిచ్చాం. మార్చారో లేదో ఇంకా తెలియదు. అడుగుతూనే ఉంటాను.

నవంబర్ 25, సోమవారం

పాదాల కొలతలు తీసుకోవడానికి మనుషులొచ్చారు. ఒక్క నాకే అన్నాడు స్టోర్సు బాబు, బోర్డు రాసింది నీకే కదా అని. అయితే నేనూ ఇవ్వనన్నాను. గనిలో ఆడవాళ్లందరం క్యాంటీను ముందు కూర్చున్నాం. అరుపులయ్యాయి. ఫోన్లు చేసుకున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు సరే, అందరివీ అన్నారు.

కొలవడమంటే ఏం లేదు. తెల్ల కాగితం నేల మీద పరిచి, ఉత్త కాలితో నిలబడమని, చుట్టూ పెన్సిలుతో గీత గీయడమే. బూట్లు కొత్త సంవత్సరంలో వస్తాయట. వచ్చినప్పుడు నమ్ముతాను. ఆ తర్వాత ఎవరికి సోలు కావాలో, ఎవరికి వద్దో నడిపించి చూసి చెప్పడానికి సౌజన్యను పిలిపించాలని కూడా రాసిచ్చాం.

నర్సక్క వంతు వచ్చింది. మడమలు పగిలి ఉన్నాయని చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని ముందుకు రాదు. ఆ గీసే అబ్బాయి చూస్తాడని సిగ్గు. నేను పోయి ఆమె బాగున్న చెయ్యి పట్టుకున్నాను. నా భుజం మీద బరువు వేసి, ఒక కాలు కాగితం మీద పెట్టింది. పెన్సిలు చుట్టూ తిరిగింది. చక్కిలిగింతకు వేళ్లు ముడుచుకుంది.

కాలు తీశాక వంగి ఆ గీత వైపు చాలాసేపు చూసింది.

"గింత చిన్నగుంటదా నా కాలు?" అంది.

ఆ మాటకు అందరూ నవ్వుతున్నారు, ఆమె కూడా నవ్వుతోంది. ఒక కాగితం, ఒక పెన్సిలు. ఇన్నేళ్లలో ఈ పని ఎవరికీ తోచలేదు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా వస్తోంది.